సంచి సర్దినదెవరు?

హైదరాబాదు నగరమునుండి బెంగుళూరు పోవు రాజమార్గమున, ఆరాంఘర్ కూడలి దాటి దక్షిణముగా వెళ్ళినచో శంషాబాదు వచ్చును. ఒకప్పుడది బాటసారులు దిగి, టీ త్రాగి, సాగిపోవు చిన్న పట్టణము. 2008 మార్చిలో విమానముల రాకపోకలు బేగంపేటనుండి ఇచ్చటికి మారిన పిమ్మట దాని పేరు దేశదేశములందు వినబడసాగెను. రమారమి 5,500 ఎకరముల నేలపై వెలసిన ఈ విమానాశ్రయము మీదుగా 2023-24 సంవత్సరములో రెండున్నర కోట్లమంది రాకపోకలు సాగించిరి.

ఆ విమానాశ్రయపు వాకిట కొంతసేపు నిలిచి చూచినచో ఎన్నో విషయములు తెలియును. అమెరికాకు చదువులకై పోవు కుమారుని సాగనంప వచ్చిన తల్లిదండ్రులు ఒకవైపు. దుబాయికో, దోహాకో పనికై పోవు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల యువకులు మరొకవైపు. ఆవకాయ డబ్బాలకు గుడ్డకట్టి, పైన ప్లాస్టిక్ కాగితము చుట్టి, పెట్టెల బరువు చూచుకొనుచు, ఎక్కువైన దానిని తీసి మరల సర్దుకొనుచుందురు. అంతలో అదే ఊరి పెద్దమ్మ యొకతె ముందునకు వచ్చి, "బిడ్డా, మా చిన్నోడు గూడ ఆడనే ఉన్నడు. ఈ మూట జర అందియ్యరాదు" అని ఒక గుడ్డమూటను యువకుని చేతిలో పెట్టును. ఊరివారి మాట త్రోసివేయుట కష్టము. యువకుడు ఆ మూటను అట్లే పెట్టెలో పెట్టుకొనును.

లోపల సామాను అప్పగించు బల్లకడ ఉద్యోగి అతనిని అడుగవచ్చును: "ఈ సంచి మీరే సర్దుకొన్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" ఇది మర్యాదకు అడుగు ప్రశ్న కాదు. ఆ మూటలో గసగసాలు ఉన్నవనుకొందము. గసగసాలు మన వంటింటి దినుసు. మాంసపు కూరలోనికి నూరుకొందురు. వానిని కొనుట ఇచ్చట నేరము కాదు. కాని అవి నల్లమందు మొక్క గింజలగుటచే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మొదలైన గల్ఫ్ దేశములలో నిషిద్ధములు. అచ్చట దిగిన పిదప "ఇది నాది కాదు, మా ఊరి పెద్దమ్మ ఇచ్చినది" అని చెప్పినంతమాత్రమున విడువరు. మూట ఎవరి పెట్టెలో ఉన్నదో వారే జవాబు చెప్పవలెను. పెద్దమ్మ కపటము గలది కాదు. యువకుడు దొంగ కాదు. మూట విప్పి చూడకపోవుటయే జరిగిన పొరపాటు.

సంచి విషయమున ఇంత జాగ్రత్త అవసరమని ఒప్పుకొను మనుష్యుడే, తన జేబులోని సెల్ ఫోను విషయమున ఆ జాగ్రత్తను మరచుచున్నాడు. ఎవరో పంపిన వార్త, ఎవరో తీసిన బొమ్మ, ఎవరో సర్దిన మూట దానిలోనికి వచ్చి పడును. విప్పి చూడకయే అతడు దానిని పదిమందికి పంపును. పెద్దల సంగతి ఇట్లుండగా, ఫోను ఇప్పుడు పిల్లల చేతికిని వచ్చినది. పిల్లల చేతినుండి తరగతి గదిలోనికిని వచ్చినది. తరగతి గదిలో దానికి చోటుండవచ్చునా, ఉండరాదా అని పెద్దలు వాదించుకొనుచున్నారు. చోటు సంగతి తరువాత. ముందు అడుగవలసినది సామాను బల్లకడ అడుగు ప్రశ్నయే. ఆ ప్రశ్నను బడిలో నేర్పనిచో మరెక్కడను నేర్పరు.

బడిలోనికి తెర వచ్చుట క్రొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31 వరకు మన దేశములో ఒక గొప్ప ప్రయోగము జరిగెను. అమెరికా వారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమములు హైదరాబాదులోని కేంద్రమున తయారయ్యెడివి. ఉదయమున బడిపిల్లలకు పాఠములు, సాయంకాలమున పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలైన విషయములు. విద్యుద్దీపమే సరిగా లేని పల్లెలో ఊరికంతకు ఒక్క పెట్టె. దాని ముందు పిల్లలందరు చాపలపై కూర్చుండెడివారు. ఆ తెరలో ఒక సుగుణము ఉండెను. అది నలుగురు కలిసి చూచు తెర. తెలియని మాట వచ్చినచో ప్రక్కవానిని అడుగవచ్చును; తప్పు వచ్చినచో పంతులుగారు తరువాత దిద్దవచ్చును. పాఠము ఎక్కడినుండి వచ్చుచున్నదో, ఎవరు తయారుచేసిరో ఊరందరికి తెలియును.

నలువదియైదు సంవత్సరములు గడచినవి. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణములో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పిల్లలకు ఇంటివద్దనే పాఠములు చెప్పిరి. టెలివిజన్ లేనిచోట సెల్ ఫోనే బడి అయినది. తండ్రి కూలికి పోవునప్పుడు ఫోను ఆయనతోనే పోవును. రాత్రి ఇల్లు చేరిన తరువాత ముగ్గురు పిల్లలకు అదొక్కటే దిక్కు. ఆ దినములలో ఫోను పట్టుకొన్న పిల్లలను కోపించిన పెద్దలు లేరు. "ఫోను చూడు, చదువుకో" అని చెప్పినవారే అందరు. ఈనాడు ఆ పిల్లలనే "ఎప్పుడు చూచినను ఫోనేనా" అని తిట్టుట కొంచెము అన్యాయముగానే ఉన్నది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన బడులలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు నాలుగు లక్షలకు పైగా ట్యాబులు పంచిపెట్టెను. పరికరము చేతికందినది. దానితోపాటు అందవలసిన వివేకము ట్యాబు పెట్టెలో పెట్టి ఇచ్చునది కాదు గదా.

ఈ లోటు ఎంతటిదో ఒక లెక్క చెప్పుచున్నది. దేశమందలి పల్లెలలో చదువుల స్థితిని పరిశీలించు 'అసర్' నివేదిక 2024వ సంవత్సరమునకు వెలువడినది. దాని ప్రకారము 14 మొదలు 16 ఏండ్ల వయసు పిల్లలలో నూటికి 82 మందికి స్మార్ట్ ఫోను వాడుట వచ్చును. వారిలో ముందటి వారమున చదువు పనికై దానిని వాడినవారు నూటికి 57 మంది. సోషల్ మీడియాకై వాడినవారు 76 మంది. అట్లు సోషల్ మీడియా వాడు పిల్లలలో, తన ఖాతాను అపరిచితులు చూడకుండ ఎట్లు మూసికొనవలెనో తెలిసినవారు సగమునకు కొంచెము ఎక్కువ. అనగా తలుపు తెరచుట అందరికి వచ్చును. గడియ పెట్టుట సగము మందికి రాదు.

విప్పి చూడని మూట ఎంత కీడు చేయగలదో 2018వ సంవత్సరమున మన ప్రాంతము చూచెను. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఆ వేసవిలో వాట్సాప్‌లో వదంతులు పుట్టినవి. ఆ సందేశములతో ఒక వీడియో తిరిగెను. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొను పిల్లవానిని ఎత్తుకొనిపోవుట దానిలో కనబడును. చూచినవారి గుండె జల్లుమన్నది. నిజమునకు అది పాకిస్తాన్‌లోని కరాచీ నగరములో, పిల్లలను జాగ్రత్తగా కాపాడుకొనుడని చెప్పుటకై తీసిన ప్రచార చిత్రము. దాని చివర ఆ ఇద్దరే పిల్లవానిని తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించిరి. మంచి పనికై తీసిన చిత్రము, తోక తెగిన పిమ్మట, మనుష్యులను చంపు ఆయుధమైనది.

2018 మే నెలలో, శంషాబాదునకు దూరము కాని చాంద్రాయణగుట్టలో, పిల్లలనెత్తుకొనిపోవువారను అనుమానముతో జనులు గుమికూడి ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపిరి. జూలై 13వ తేదీన మరొక ఘోరము. హైదరాబాదునుండి కొందరు మిత్రులు కారులో కర్ణాటక రాష్ట్రపు బీదరు జిల్లాకు వెళ్ళిరి. దారిలో బడిపిల్లలు కనబడగా ప్రేమతో చాక్లెట్లు ఇచ్చిరి. అంతే, వారు పిల్లల దొంగలను వార్త, వారి బొమ్మలతో సహా, కారు కంటె వేగముగా ముందరి ఊళ్ళకు చేరెను. ముర్కి అను గ్రామమున జనులు దారికి అడ్డుపడి కారును ఆపిరి. ఆ దెబ్బలకు ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మరణించెను. అతడు చేసిన తప్పు పిల్లలకు మిఠాయి ఇచ్చుట. ఆ వార్తను పంపినవారిలో ఒక్కడును తన్ను హంతకునిగా తలచి ఉండడు. "నేను వ్రాయలేదు, వచ్చినదానిని పంపితిని" అనియే ప్రతివాడును అనుకొనియుండును. పెద్దమ్మ మూటను మోసిన యువకుని జవాబును ఇదే.

ఆ ఘటనల తరువాత వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకమారు ఐదుగురికి మించి పంపరాదని హద్దు పెట్టెను. ఒకరినుండి మరొకరికి సాగివచ్చిన సందేశముపై బాణము గుర్తుతో 'ఫార్వర్డెడ్' అను చీటీ కనబడునట్లు చేసెను. అనేకమారులు చేతులు మారిన దానికి జంట బాణములు వేయుదురు. 2020లో అట్టి దానిని ఒకమారు ఒక్కరికే పంపగలుగునట్లు హద్దును ఇంకను బిగించిరి. విమానాశ్రయమున పెట్టె పిడికి చీటీ కట్టుట వంటిదే ఇదియును. ఐతే ఆ చీటీ అర్థము తెలిసినవారెందరు? జంట బాణములు చూచి, "ఇది చాల మంది పంపినది గనుక నిజమే అయియుండును" అని నమ్మువారే ఎక్కువ. గుర్తు చెప్పునది దానికి సరిగా తలక్రిందులు: దీనిని సర్దినవాడెవడో పంపినవానికి తెలియదు, జాగ్రత్త అని.

శంషాబాదు గుండ పోవు 44వ నంబరు జాతీయ రహదారినే పట్టి దక్షిణమునకు సాగినచో జోగులాంబ గద్వాల జిల్లా వచ్చును. ఆ 2018 వేసవిలోనే అచ్చటి పల్లెలలోను ఈ భయము ప్రవేశించెను. ఎండకాలపు రాత్రులందు ఆరుబయట మంచములు వేసికొని పడుకొను జనులు, ఉక్కపోతలోను తలుపులు మూసికొని లోపల పడుకొనసాగిరి. గస్తీ తిరుగు పోలీసులు దానిని గమనించిరి. జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి కారణము విచారింపగా ఫోనులో తిరుగుచున్న వీడియోలు బయటపడెను. అప్పుడామె చేసినది చూడదగినది. ఫోనులను లాగుకొనలేదు, నాలుగువందల పల్లెలకు తన సిబ్బందిని పంపెను. ఒక్కొక్క పోలీసు కొన్ని ఊళ్ళను తనవిగా చూచుకొని, గడపగడపకు పోయి, ఊరివారి వాట్సాప్ గుంపులలో తానును చేరి, అనుమానపు సందేశము వచ్చినచో తనను అడుగుడని చెప్పెను. చదువురానివారికై డప్పు కొట్టించిరి. పోలీసు కళాకారులు వదంతులమీద పాటలు కట్టి పాడిరి. ఇరుగుపొరుగున ఘోరములు జరుగుచున్న ఆ కాలములో అచ్చట ఒక్క ప్రాణమైనను పోలేదు. ఫోను తెచ్చిన రోగమునకు డప్పు మందైనది! డప్పు వాయించువాడు ఎదుట నిలబడియుండును. అతడెవరో, ఎవరు పంపగా వచ్చెనో అందరికి తెలియును. అతని మాటకు బలము అచ్చటనుండి వచ్చినది.

పిల్లలు విన్నది పంపుటయే గాక, తామే కల్పించి పంపునప్పుడు ఏమగునో 2024 అక్టోబరులో తెలిసినది. ఆ నెలలో మన దేశపు విమానములకు బాంబు బెదిరింపులు వందలకొలది వచ్చినవి. శంషాబాదునకు రావలసిన విమానములకును ఆ బాధ తప్పలేదు. అన్నియు ఉత్తవే. ఐనను ప్రతిసారియు విమానమును దూరముగా నిలిపి, ప్రయాణికులను దించి, సంచి సంచి వెదకవలసి వచ్చెను. మొదట బెదిరింపులు పంపినవారిలో చత్తీస్‌గఢ్ రాష్ట్రపు రాజనాంద్‌గావ్‌కు చెందిన పదునేడేండ్ల బాలుడొకడు ఉండెనని ముంబయి పోలీసులు కనుగొనిరి. డబ్బు తగాదా వచ్చిన స్నేహితుని ఇరికింపవలెనని, అతని పేరుతో ఖాతా తెరచి ఆ వ్రాతలు వ్రాసెనట. స్నేహితునిపై కోపము రెండు దినములలో పోవునది. ఆకాశమున ఉన్న విమానములను మరలించిన వ్రాత మాత్రము ఆ బాలుని వెంట చాలకాలము ఉండును.

ఈ ఉదాహరణములు పెద్దవి. తరగతి గదిలో జరుగునవి చిన్నవి, అందుచే కంటబడవు. ఒక బాలిక పద్యము అప్పగించుచు 'శ' కారమును 'స' కారముగా పలికినదనుకొందము. వెనుక బల్లనుండి ఒకడు దానిని ఫోనులో పట్టెను. సాయంకాలమునకు అది తరగతి గుంపులోను, మరునాటికి ప్రక్క తరగతి గుంపులోను నవ్వులతో తిరిగెను. ఎవరును ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. కాని ఆమె ఇక ఆ సంవత్సరమంతయు నిలబడి పద్యము చెప్పదు. ఇట్టి వీడియో ఎవరి సంచిలో ఉన్నను, దానిలో ఉన్నది ఇంకొకరి వస్తువు, ఇంకొకరి మానము. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిది ఏండ్లలోపు వారిని పిల్లలుగానే ఎంచి, వారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. చట్టము సంస్థల కొరకు వ్రాసినది. అయినను బడిలో దాని సారము అందరికి చెల్లును: ఎదుటివాని బొమ్మ తీయుటకు ముందు ఎదుటివానిని అడుగవలెను.

ఇచ్చట పిల్లలనే తప్పుపట్టి పెద్దలను విడుచుట న్యాయము కాదు. బడిలో జెండావందనము జరిగినను, మధ్యాహ్న భోజనము వడ్డించినను ముందు ఫోను తీయువారు కొందరు ఉపాధ్యాయులే. పిల్లల ముఖములు వారిని అడుగకయే ఊరేగును. తండ్రి ఉదయము లేచి పంపు వైద్య చిట్కాలకు సర్దినవారి పేరుండదు. రాత్రి పది గంటలకు గుంపులో హోంవర్కు పెట్టి, ఉదయము ఎనిమిదింటికి అడుగు అలవాటును ఉన్నది. ఇంటిలో ఫోనే లేని పిల్లవాడు ఏమి చేయును? పెద్దలు ఇట్లుండగా పిల్లలకు నీతి చెప్పుట పలుచని పని.

ఇక హోంవర్కు సంగతి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగిన విషయముపై క్షణములో వ్యాసము వ్రాసి ఇచ్చు యంత్రములు అందరికి అందుబాటైనవి. ప్రాజెక్టు పనికి పూర్వము ఒక పుస్తకమునో, ఒక అన్ననో ఆశ్రయించిన పిల్లలు ఇప్పుడు యంత్రమును ఆశ్రయించుచున్నారు. వ్యాసము నున్నగా, తప్పులు లేనట్లు కనబడును. కాని ఆ యంత్రమునకు తెలియుట వేరు, తెలిసినట్లు పలుకుట వేరు. వేమన పద్యమును బద్దెనకు అంటగట్టి, జంకు లేకుండ చెప్పగలదు. దానిని దించుకొన్న విద్యార్థిని ఉపాధ్యాయుడు, "నాయనా, ఈ మూడవ వాక్యమునకు అర్థమేమి?" అని అడిగినచో, బాలుడు నేల చూపులు చూచును. సంచి బరువుగా ఉన్నది. లోపల ఏమున్నదో మోసినవానికే తెలియదు. యంత్రమును అడుగుటయే దోషమనుట సరికాదు. నిఘంటువును చూచుట దోషము కానట్లే ఇదియును దోషము కాదు. అడిగిన పిమ్మట దానిని పాఠ్యపుస్తకముతో సరిచూచి, తన మాటలలో వ్రాసి, ఎక్కడ సాయము పొందెనో చెప్పిన విద్యార్థి సంచిని తానే సర్దుకొన్నవాడు. ఉపాధ్యాయుడును వ్రాత చూచి మార్కులు వేయుటతో ఆగక, వ్రాసినవానిని నిలబెట్టి రెండు ప్రశ్నలు అడిగినచో, సర్దినదెవరో నిమిషములో తేలిపోవును.

ఇంత చెడు ఉన్నప్పుడు ఫోనును బడినుండి వెడలగొట్టరాదా అని కొందరు అడుగుదురు. లోకములో ఆ ఆలోచన బలముగానే ఉన్నది. ప్రపంచ దేశములలో నాలుగవ వంతు కంటె తక్కువ దేశములు బడులలో స్మార్ట్ ఫోనులను నిషేధించినట్లు యునెస్కో 2023లో తెలిపెను. పిదప ఆ సంఖ్య పెరిగినది. ఆస్ట్రేలియా మరియొక అడుగు ముందునకు వేసి, పదునారేండ్లలోపు వారు సోషల్ మీడియా ఖాతాలు కలిగియుండరాదను చట్టమును 2025 డిసెంబరునుండి అమలు చేసినది. తరగతి జరుగు వేళ ఫోను సంచిలో ఉండుటయే మేలు. ఈ మాటను కాదనవలసిన పని లేదు. ఒక గంట మ్రోగినచో చెదరిన మనస్సు మరల పాఠముపై నిలుచుటకు చాలసేపు పట్టును. విమానమెక్కిన ప్రయాణికుడు, ఎంతటి గొప్పవాడైనను, ఫోనును ఫ్లైట్ మోడులో పెట్టుకొనును, ఎవరును లాగుకొనరు. అటువంటి మర్యాద తరగతికిని ఉండవచ్చును. ఐతే నిషేధము బడి గేటువరకే. సాయంకాలము నాలుగున్నరకు గేటు దాటిన బాలుని చేతికి ఫోను మరల వచ్చును. దానిలో జంట బాణముల సందేశములును వచ్చును. అప్పుడు అడుగవలసిన ప్రశ్న బడిలో నేర్వనిచో, నిషేధించిన ఆరు గంటలు వాని కేమి ఉపకారము చేసినట్లు?

2021లో తెలంగాణ పోలీసు శాఖలోని మహిళా భద్రతా విభాగము, విద్యాశాఖ కలిసి 'సైబర్ కాంగ్రెస్' అను పేర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకే శిక్షణ ఇచ్చి, వారిచేత తోటివారికి చెప్పించుటకు పూనుకొనెను. పద్ధతి మంచిది. తోటి పిల్లవాడు చెప్పిన మాట చెవికెక్కినంతగా పెద్దల ఉపన్యాసము ఎక్కదు. మోసము జరిగినప్పుడు ఫోను చేయవలసిన 1930 అను నంబరు, ఆపదలో ఉన్న పిల్లలకై ఉన్న 1098 అను నంబరు తరగతి గోడమీద వ్రాసియుంచుటకు సుద్దముక్క చాలును. తప్పు చేసితినను భయముతో ఇంటిలో చెప్పలేని పిల్లవానికి ఆ గోడ చెప్పును.

ఫోను కీడే గాక మేలును చేయగలదు. దానికి దూరము పోనక్కరలేదు. శంషాబాదు దాటి అదే రహదారిపై ముందునకు పోయినచో షాద్‌నగర్ కలదు. ఉపగ్రహములు ఆకాశమునుండి తీసిన నేల చిత్రములను అందుకొను కేంద్రము అచ్చట ఉన్నది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమునకు చెందినదది. ఆ సంస్థ చిత్రములతో ఇస్రో వారు 2009 ఆగస్టులో 'భువన్' అను పటముల వేదికను ప్రజలకు తెరచిరి. రూపాయి ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు తరగతి తెరపై దానిని తెరచినచో, పిల్లలు తమ బడి కప్పును, విమానాశ్రయపు రన్‌వే నిడుపాటి గీతను, ఆవల 1927లో పూర్తియైన హిమాయత్ సాగరు నీటిని ఒక్క చూపులో చూతురు. ఇది మరల నలుగురు కలిసి చూచు తెర. "ఈ తెల్లని మచ్చ ఏమిటి? ఇక్కడ చెరువుండెడిదని మా తాత చెప్పెను, నీరేది?" అని ఒకరు అడుగగా, వేరొకరు "మా పొలము అది" అని లేతురు.

అట్టి పాఠము ఆ గంటతో ముగియదు. పిల్లలు పటమును నోటు పుస్తకములలో దించుకొని, తమ వాడకట్టులోని వృద్ధులకడకు పోవుదురు. విమానాశ్రయము రాకముందు నేల ఎట్లుండెనో ఎరిగినవారు మామిడిపల్లిలో, గొల్లపల్లిలో ఇంకను ఉన్నారు. తెరపై ఒక పేరుండును. ముసలివాడు మరొక పేరు చెప్పును. తెర చెప్పినదే నిజమని కొట్టివేయుట తగదు. తాత చెప్పినదే వేదమనుటయు తగదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్ళపై వ్యాసములు వేలకొలది ఉన్నవి. వానిలో ఎవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. కాని చెప్పిన మాటకు ఆధారము చూపుమని అడుగుదురు. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఆ పనికి కూర్చుండినచో, చెరువునకు రెండు పేర్లును వ్రాయును. ఒకదాని ప్రక్కన 'భువన్ పటము, చూచిన తేదీ' అనియు, రెండవదాని ప్రక్కన 'మా తాత, వయస్సు డెబ్బదియారు, చిన్నప్పుడు అక్కడ ఎద్దులకు నీరు పెట్టినవాడు' అనియు వ్రాసికొనును.